పనికిరాదనుకున్న జిగురు – ఆచార్య కిప్పింగ్ జీవితం

కెమిస్ట్రీ చదివిన మిత్రులు కొందరు పెర్కిన్, కిప్పింగ్ రాసిన పాత పాఠ్యపుస్తకం పేరు విని ఉంటారు. ఆ కిప్పింగ్ గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ చిన్న వ్యాసం.

ఫ్రెడరిక్ స్టాన్లీ కిప్పింగ్ 1863లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో జన్మించారు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. కాబట్టి ఆయన మనలా లేమిలో పెరిగినవారు కాదు. చదువు అయ్యాక కొంతకాలం ఆ నగర గ్యాస్ శాఖలో కెమిస్టుగా పనిచేసి, 1886లో పరిశోధన కోసం జర్మనీలోని మ్యూనిక్ వెళ్లారు. అక్కడ తనకు పని నేర్పిన పెర్కిన్‌తో కలిసి 1894లో ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం తెచ్చారు. అక్కాచెల్లెళ్లను పెళ్లాడి ఇద్దరూ తోడల్లుళ్లు కూడా అయ్యారు.

1897లో కిప్పింగ్ నాటింగ్‌హామ్‌లో ఆచార్యులయ్యారు. ఇసుకలో ఉండే సిలికాన్ కూడా కార్బన్‌లాగే రకరకాల సమ్మేళనాలు ఇస్తుందా అన్నది ఆయన ప్రశ్న. కీటోన్లను పోలి ఉంటాయనుకుని కొన్నింటికి సిలికోన్ అని పేరు పెట్టారు. అవి కీటోన్ల వంటివి కావని తేలినా పేరు నిలిచిపోయింది. చక్కని స్ఫటికాలు రావలసిన చోట తరచూ జిగురు ముద్దలే వచ్చేవి. 1920లలో సోడియం లోహం సాయంతో సిలికాన్ పరమాణువులను ఒకదానికొకటి గొలుసుగా కలిపారు. అయినా 1936లో పదవీ విరమణ చేసేనాటికి, ఈ రంగంలో త్వరలో పెద్ద ఫలితం వస్తుందన్న ఆశ ఆయనకే లేదు.

1940లలో సిలికోన్ల పరిశ్రమ మొదలైంది. దాన్ని చూసి 1949లో ఆయన కన్నుమూశారు. ఆయన చూడనిది మరొకటి ఉంది. 1975లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో సెయిషి యజిమా బృందం అదే సోడియం పద్ధతితో సిలికాన్ గొలుసు పాలిమర్‌ను తయారుచేసింది. దాన్ని వేడిచేసి, సిలికాన్, కార్బన్ రెండూ గొలుసులో ఉండే మరో పాలిమర్‌గా మార్చింది. కరిగించి సన్నని దారాలు తీసింది. దారాలు మళ్లీ కరిగిపోకుండా ముందు గాలిలో కొద్దిగా వేడిచేసి గట్టిపరిచి, తర్వాత గాలి తగలకుండా 1200 డిగ్రీలు దాటించింది. వాయువులు పోయి సిలికాన్ కార్బైడ్ దారం మిగిలింది. మన కుమ్మరి మెత్తని మట్టితో కుండ చేసి ఆవంలో కాల్చినట్టే, ఇక్కడా మెత్తగా ఉన్నప్పుడే రూపం ఇచ్చి తర్వాత కాల్చారు. సిలికాన్ కార్బైడ్ పొడి నుంచి అంత సన్నని దారం తీయడం చాలా కష్టం. అలాంటి దారాలతో బలపరిచిన సిరామిక్ భాగాలు 2016 నుంచి ప్రయాణికుల విమానాల ఇంజన్లలో పనిచేస్తున్నాయి.

మిత్రులారా! మనలో చాలామంది ఇళ్లలో మనకంటే ముందు కాలేజీ గడప తొక్కినవారు లేరు. ఈ చదువు ఎందుకు పనికొస్తుందని ఇంట్లో అడిగితే వెంటనే జవాబు దొరకదు. కిప్పింగ్‌కు కూడా దొరకలేదు. కానీ వచ్చిన ప్రతి ఫలితాన్నీ ఓపికగా రాసిపెట్టారు. ఆ రాత లేకపోతే తర్వాతివారు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేవారు. మన రికార్డు పుస్తకంలో కూడా వచ్చినదే నిజాయితీగా రాద్దాం. దాని విలువ తెలిసేవారు మన వెనుక వస్తారు.