తిరిగి రాని విద్యార్థి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పైచదువులకై సముద్రాలు దాటి వెళ్ళే విద్యార్థిని సాగనంపేటప్పుడు పెద్దలు కోరేది రెండే: చదువు పూర్తి కావాలి, మనిషి క్షేమంగా ఇల్లు చేరాలి. వీటిలో రెండవ కోరిక తీరని ఒక ఆంధ్ర విద్యార్థి కథ ఇది. ఆయన ఇల్లు చేరలేదు. ఏ వ్యాధులను గూర్చి చదువుకోవాలని వెళ్ళారో ఆ వ్యాధులకు మందులు మాత్రం మన ఇండ్లకు చేరినవి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. సంతానం ఎక్కువ, సంపద తక్కువ అయిన సంసారం అది. బాల్యంలో ఆయనకు చదువుపై మనసు నిలువలేదు. పదమూడేండ్ల ప్రాయంలో కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. దారిలోనే పట్టుబడి, తల్లి మందలింపుతో మరల బడికి చేరాడు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండు మారులు తప్పి, మూడవ మారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి గట్టెక్కాడు. రెండవ అపజయంతోనే ఆ తల్లి ఆశ వదులుకొని ఉంటే ఈ కథ అక్కడితో ముగిసిపోయేది. మన పాఠశాలలలో ఫలితాలు చదివే రోజున ఉపాధ్యాయులు జ్ఞప్తికి తెచ్చుకోదగిన సంగతి ఇది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజులలో ఆయన మనసు సన్న్యాసం వైపు మళ్ళినది. రామకృష్ణ మఠంలో చేరాలన్న తలంపునకు తల్లి సమ్మతించలేదు. రోగులకు సేవ చేయడం కూడా సాధనయే గదా అని తలచి, 1915లో మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. 1919లో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరి గారితో వివాహం జరిగినది. అల్లుని వైద్యవిద్యకు మామగారే ఆసరాగా నిలిచారు.

అవి గాంధీ మహాత్ముని పిలుపు దేశమంతటా మారుమ్రోగుతున్న రోజులు. సుబ్బారావు గారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీతో వెళ్ళారు. ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురి అయినారు. వ్రాతపరీక్షలలో సమర్థత చూపినప్పటికీ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టం దక్కలేదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించినది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి చేసిన ప్రయత్నం కూడా ఫలించలేదు.

ఇంతకంటె గాఢమైన దెబ్బ ఇంటిలోనే తగిలినది. స్ప్రూ అనే ఉష్ణమండలపు గ్రహణి వ్యాధి ఆయన సోదరులిద్దరిని ఎనిమిది రోజుల వ్యవధిలో పొట్టన పెట్టుకున్నది. ఈ వ్యాధిలో తిన్న ఆహారం ఒంటబట్టదు, రక్తం క్షీణిస్తుంది, మనిషి శుష్కించిపోతాడు. కొంతకాలానికి ఆ వ్యాధి సుబ్బారావు గారినీ పట్టుకున్నది. పాశ్చాత్య వైద్యం చదివిన ఆ యువకుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొని, వారి ఆయుర్వేద కళాశాలలోనే ఉపాధ్యాయుడుగా చేరారు. కాని సోదరులు పోయిన ఆ వ్యాధికి మూలమేమి అనే ప్రశ్న ఆయనను విడువలేదు.

ఆ ప్రశ్నకు సమాధానం వెదికే చదువు అప్పుడు అమెరికాలో ఉన్నది. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యశాస్త్రానికి రిచర్డ్ స్ట్రాంగ్ అనే ఆచార్యుడు పెద్దగా ఉండేవాడు. 1922లో అక్కడ ప్రజారోగ్య పాఠశాల ప్రత్యేక సంస్థగా వెలసినది. చలిజ్వరం, కొంకిపురుగు, బోదకాలు మున్నగు రోగాలను ఒక్కొక్క రోగిలోనే గాక, నీటిలోను, నేలలోను, దోమలోను వెదకి పట్టుకొనడం ఆ విద్యకు ప్రధాన లక్షణం. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయానికి మాట ఇచ్చినది. మిగిలిన భారం మామగారు వహించారు. భార్యను పుట్టింట విడిచి, 1920ల తొలి సంవత్సరాలలో సుబ్బారావు గారు బోస్టన్ నగరం చేరారు.

చేరిన తరువాత చేతిలో డబ్బు లేదు. అమెరికాలో వైద్యం చేయడానికి అనుమతి లేదు. పగలు తరగతులు; రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే కొలువు. వైద్యుడై ఉండి ఆ పని చేయడానికి ఆయన సిగ్గుపడలేదు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా ఆ విధంగా సంపాదించారు.

డిప్లొమా చేతికి వచ్చిన తరువాత ఆయన తిరిగి రావలసినది. కాని వ్యాధి ఎక్కడెక్కడ ఉన్నదో ఆ చదువు చెప్పగలిగినది గాని, శరీరం లోపల అది చేసే పనిని చెప్పలేకపోయినది. అందుకు జీవరసాయనశాస్త్రం కావాలి. ఆయన సైరస్ ఫిస్క్ అనే శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో చేరారు. శరీర ద్రవాలలో భాస్వరాన్ని నీలివర్ణపు గాఢతను బట్టి కొలిచే సులభ పద్ధతిని 1925లో వారిరువురు ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరుతో అది తరతరాల విద్యార్థులకు పాఠమైనది. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో సకల జీవకణాలకు శక్తినిచ్చే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వెల్లడించారు. 1930లో ఆయనకు పిహెచ్.డి. పట్టం లభించినది. స్థిరమైన ఆచార్య పదవి మాత్రం హార్వర్డులో దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళి, పరిశోధనలకు అధిపతి అయినారు.

అక్కడ ఆయన పాత ప్రశ్న మరల ఎదుటికి వచ్చినది. రక్తవృద్ధికి కాలేయంలో ఉన్న పదార్థమేదో కనుగొనాలన్న అన్వేషణ ఏండ్లుగా సాగుతున్నది. ఆయన నాయకత్వంలోని శాస్త్రజ్ఞుల బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేయగలిగినది. స్ప్రూ రోగుల రక్తక్షీణతకు ఆ మందు గుణమిచ్చినది. ఇద్దరు సోదరులను కబళించిన వ్యాధికి తోబుట్టువు పాతికేండ్లు ఆలస్యంగా తెచ్చిన సమాధానమని చెప్పవచ్చును. 1970 నుండి మన దేశంలో గర్భవతులకు ఇనుముతో కలిపి పంచిపెట్టే మాత్రలలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

1947లో వెలువడిన హెట్రజాన్ బోదకాలు వ్యాధికి మందు. గోదావరి జిల్లాలలో పుట్టి పెరిగిన వారికి ఆ వ్యాధిని వర్ణించి చెప్పనక్కరలేదు. ఈ మందు రోగి రక్తంలో తిరిగే సూక్ష్మక్రిములను తుడిచివేస్తుంది. కుట్టిన దోమకు మోసుకుపోవడానికి క్రిమి దొరకదు. అందువల్ల రోగలక్షణాలు లేనివారికి సైతం మందు ఇచ్చి, ఊరినంతటిని కాపాడవచ్చును. 1955లో ఆరంభమైన జాతీయ బోదవ్యాధి నివారణ పథకంలో ఈ మందును వాడారు; 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో అందరికీ ఒకేమారు మాత్రలు మ్రింగించే కార్యక్రమానికి ఆధారమూ ఇదే. బోస్టన్ తరగతి గదిలో నేర్చిన ప్రజారోగ్య సూత్రం ఒక మాత్రలో ఇమిడి భీమవరం వీధులకు వచ్చినది.

ఫోలిక్ ఆమ్లానికి విరోధిగా పనిచేసే అమినోప్టెరిన్ కూడా ఆ ప్రయోగశాలలోనే తయారైనది. రక్త కాన్సర్‌తో బాధపడే పసిపిల్లలకు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని ఇచ్చి, వ్యాధిని కొంతకాలం నిలువరించగలిగాడు. బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడి అయినది. టెట్రాసైక్లిన్ మందులలో అదే మొదటిది. ఇవన్నీ ఒక్కరి చేతిపనులు కావు, అనేకుల కృషి. ఆ అనేకులను ఒక దారిలో నడిపినవారు సుబ్బారావు గారు. తన పేరు ముందు పెట్టుకొనే అలవాటు ఆయనకు లేదు. అందువల్లనే కాబోలు మన విద్యార్థులలో ఆయనను ఎరిగినవారు అరుదు.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున, ఆయన అమెరికాలోనే హఠాత్తుగా మరణించారు. స్వతంత్ర భారతదేశాన్ని కన్నులారా చూడలేదు. శేషగిరి గారు భర్త రాకకై పాతికేండ్లు ఎదురుచూశారు. వారిరువురు మరల కలుసుకోలేదు. ఈ కీర్తికి వెల చెల్లించినవారిలో ఆమె కూడా ఉన్నారన్నది మనం మరువరాదు. పేరు తెలిసిన శాస్త్రజ్ఞుని వెనుక పేరు తెలియని ఒక నిరీక్షణ కూడా చరిత్రలో భాగమే.

1995లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వెలువరించినది. అంతకంటె నిత్యమైన స్మారకం మన పల్లెలలో ఉన్నది. బోదకాలు మాత్రలు పంచడానికి ఆరోగ్య కార్యకర్త బడికి వచ్చిన రోజున, వరుసలో నిలబడిన పిల్లలకు ఉపాధ్యాయుడు రెండు నిమిషాలు ఈ కథ చెప్పగలిగితే చాలును. రెండు మారులు పరీక్ష తప్పిన పిల్లవాడొకడు ఆ వరుసలోనే ఉండవచ్చును.