పట్టా లేని ఆచార్యులు: జి.డి. నాయుడు గారు

విద్య పుస్తకంలో ఆరంభమై చేతిలో పరిపూర్ణం కావాలని పెద్దల అభిప్రాయం. ఇందలి సత్యం మాకు ఒక సాయంకాలం ఫిలింనగర్‌లో, కదలని కారు ముందు నిలబడినప్పుడు బోధపడింది.

పని ముగించుకొని వచ్చి తాళంచెవి తిప్పగా టక్కుమని ఒక్క శబ్దం వినిపించింది. ఆ తరువాత అంతా నిశ్శబ్దం. దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నవి. కనుక బ్యాటరీలో లోపం లేదని మేము తీర్మానించితిమి. మాలో భౌతికశాస్త్రంలో ఉత్తీర్ణులైనవారూ ఉన్నారు! కొంతసేపటికి దిగువ గ్యారేజీ నుండి తోటివారు ఉస్తాద్ అని పిలిచే ఒక యువకుడు వచ్చాడు. ముందు దీపాలు వేయించి, తాళంచెవి తిప్పమన్నాడు. తిప్పగానే దీపాలు మసకబారినవి. అతడు బానెట్ ఎత్తి చూపగా, బ్యాటరీ కొనలపై తెల్లగా, ఆకుపచ్చగా పేరుకున్న పొడి కనబడింది. నెగటివ్ తీగను మొదట విప్పి, రెండవది తరువాత విప్పి, టీ దుకాణం నుండి తెచ్చిన వేడినీటితో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ఆరిన పిమ్మట బిగించాడు. బండి మరుక్షణమే కదిలింది.

దీపానికి కొద్ది ఆంపియర్ల విద్యుత్తు చాలును. ఇంజనును తిప్పే స్టార్టరు మోటారుకు వంద ఆంపియర్లకు పైగా కావాలి. తుప్పు పట్టిన అతుకు గుండా కొద్దిపాటి ప్రవాహం సాగుతుంది, పెద్ద ప్రవాహం సాగదు. ఇది మేము పరీక్షలలో పలుమార్లు వ్రాసిన ఓమ్ సూత్రమే. కాని కళ్ళెదుట నిలిచినప్పుడు దానిని గుర్తించలేకపోతిమి. ఆ సిగ్గుతో తిరిగి వస్తుండగా మాకు గుర్తుకు వచ్చిన మహనీయులు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు గారు.

వీరు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో జన్మించారు. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. బడి చదువు వారికి రుచించలేదు. ప్రాథమిక తరగతులతోనే దానికి స్వస్తి చెప్పారు. యౌవనంలో ఒక ఆంగ్ల అధికారి నడిపే మోటారు సైకిలును చూచి ముగ్ధులైనారు. దానిని కొనే స్తోమత లేదు. అందుకై కోయంబత్తూరులో ఒక హోటలులో వడ్డన పనికి కుదిరి, పైసా పైసా కూడబెట్టి, ఆ బండినే 300 రూపాయలకు కొన్నారు. కొన్నది ఊరేగుటకు కాదు. భాగభాగమూ విప్పి, మరల అమర్చి, దాని మర్మం గ్రహించుటకు. వారి విశ్వవిద్యాలయం అదే.

బొంబాయిలో ప్రత్తి వ్యాపారం చేసి నష్టపోయిన పిమ్మట కూడా వారు అధైర్యపడలేదు. 1920లో స్టేన్స్ అనే ఆంగ్ల వ్యాపారి సహాయంతో ఒక బస్సును సంపాదించి, పొల్లాచి, పళని పట్టణాల మధ్య తామే నడిపారు. అమెరికాలో కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లోనే కాడిలాక్ కార్లలో అమరినప్పటికీ, ఆ కాలపు బండ్లలో అనేకం ముందు భాగాన కడ్డీ దూర్చి తిప్పితే గాని కదిలేవి కావు. కడ్డీ వెనుకకు తన్ని చేతులు విరిగినవారూ ఉండేవారు. అట్టి రోజులలో ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీసు అనే మహాసంస్థగా ఎదిగింది. ఇంజనులోని లోపాలను కనిపెట్టుటకు కంపనాలను ఆధారంగా చేసుకొన్న పరీక్షా యంత్రాన్ని కూడా నాయుడు గారు రూపొందించారు. 1937లో, బాలసుందరం నాయుడు గారి సహకారంతో, దేశంలోనే మొదటిదిగా చెప్పబడే విద్యుత్ మోటారు వారి కృషివలన వెలువడింది. చిత్రసీమకు నెలవైన ఫిలింనగర్‌లో వారిని తలచుకొనుటకు మరొక కారణమూ కలదు: 1936లో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను వారు స్వయంగా చలనచిత్రంగా తీశారు.

బడి విడిచిన ఈ వ్యక్తి 1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగు విద్యాలయ స్థాపనకు కారకులై, దానికి ప్రిన్సిపాలుగా వ్యవహరించుట విశేషం. నాలుగేళ్ళ చదువు కాలహరణమనీ, శ్రద్ధతో నేర్పితే రెండేళ్ళు చాలుననీ వారి వాదన. ప్రభుత్వం అంగీకరించలేదు. వారు పదవి విడిచిపెట్టారు. 1974 జనవరి 4న దివంగతులైనారు.

వారి వాదనను మేము పూర్తిగా సమర్థించలేము. గ్యారేజీ యువకునికి ఏది చేయాలో తెలుసు. ఎందుకు చేయాలో చెప్పేవారు అతనికి లభించలేదు. మాకు ఎందుకో తెలుసు. చేయి కదల్చుట తెలియదు. ఇరువురిదీ సగం విద్యయే. నాయుడు గారి ఘనత పట్టా లేకుండుటలో లేదు, ఈ రెండు సగాలను ఒక్క జీవితంలో కలుపుటలో ఉన్నది. తెలుగువారు నేర్పు అనీ, ఉర్దూ సోదరులు హునర్ అనీ పిలిచేది దీనినే.

కళాశాల కార్యవర్గం వారికి మా విన్నపం ఒక్కటే. ఒక పాత బ్యాటరీ, వోల్టులు కొలిచే మీటరు, విప్పుటకు అనువైన ఒక స్టార్టరు మోటారు, వారానికి ఒక సాయంకాలం మాకు ప్రసాదించండి. ఆ గదికి గ్యారేజీ ఉస్తాదులనూ ఆహ్వానించండి. వారు మాకు చేతిపని నేర్పుతారు. మేము వారికి సూత్రం చెబుతాము. విద్యార్థి మిత్రులారా! చేతికి అంటిన నల్లని నూనె సబ్బుతో పోతుంది. చేతకానితనపు మరక మాత్రం సబ్బుతో పోదు.