శంషాబాద్ చిరుత మచ్చల వెనుక లెక్క.. ఆ లెక్క వేసిన అలన్ ట్యూరింగ్‌కి తెలుగు నేలతో బంధం!

2024 ఏప్రిల్ చివర్లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు ప్రహరీ దూకి లోపలికొచ్చిన చిరుత గుర్తుందా? ట్రాప్ కెమెరాలు, బోన్లు, మేకల ఎర.. అటవీ సిబ్బంది రోజుల తరబడి తిప్పలు పడ్డాక మే మొదటి వారంలో బోనులో చిక్కింది. ఆ వీడియోలు మనలో చాలామంది చూసే ఉంటారు. మరి ఆ చిరుత ఒంటి మీద మచ్చలు అంత పద్ధతిగా ఎలా ఏర్పడ్డాయి? ఇలాంటి ప్రశ్నకి 70 ఏళ్ల కిందటే లెక్కల్లో జవాబు వెతికిన మనిషి ఒకరున్నారు. ఆయనే అలన్ ట్యూరింగ్.

బెజవాడ నుంచి లండన్ దాకా

ట్యూరింగ్ తండ్రి జూలియస్ మద్రాస్ ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి. పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు.. ఇలా తెలుగు ఊళ్లన్నీ తిరిగారు. తల్లి ఎథెల్ మద్రాస్ రైల్వే చీఫ్ ఇంజినీర్ స్టోనీ కూతురు. 1911లో ఈ కుటుంబం ఛత్రపూర్ చేరింది. ఇప్పుడది ఒడిశాలో ఉంది. తల్లి గర్భంతో ఇంగ్లండ్ వెళ్లాక 1912 జూన్ 23న లండన్‌లో అలన్ పుట్టారు. తల్లిదండ్రులు మళ్లీ ఉద్యోగం కోసం ఇండియాకి వచ్చేశారు. పిల్లాడు మాత్రం అక్కడే వేరేవాళ్ల ఇంట్లో పెరిగాడు.

స్కూల్లో హాకీ ఆట జరుగుతుంటే అలన్ మైదానంలో వంగి డైసీ పూలు చూస్తున్నట్టు తల్లి ఒక బొమ్మ గీశారు. ఆ పూల పిచ్చి ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

కోడ్ బద్దలుకొట్టిన మెదడు

1936లో, అసలు కంప్యూటర్లే లేని రోజుల్లో, ఎలాంటి లెక్కనైనా సూచనల ప్రకారం చేసుకుపోయే యంత్రాన్ని కాగితం మీద ఊహించారు ట్యూరింగ్. అప్పటికి ఆయన వయసు 24. రెండో ప్రపంచ యుద్ధంలో బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల ఎనిగ్మా సంకేతాలు విప్పడంలో కీలకంగా పనిచేశారు. అదంతా దశాబ్దాల పాటు రహస్యంగానే ఉండిపోయింది.

1950లో మరో పెద్ద ప్రశ్న వేశారు. యంత్రం ఆలోచించగలదా? దానికి నేరుగా జవాబు చెప్పకుండా ఒక పరీక్ష పెట్టారు. అవతల మాట్లాడుతున్నది మనిషో, యంత్రమో పోల్చుకోలేకపోతే ఏమనుకోవాలి? ఇప్పుడు ఏఐ చాట్‌బాట్లు వచ్చాక మళ్లీ అందరూ దీని గురించే మాట్లాడుకుంటున్నారు.

రెండు రసాయనాల ఆట

ఆయన అక్కడితో ఆగలేదు. ఒకేలా ఉండే కణాల ముద్దలోంచి చారలు, మచ్చలు, వేళ్లు ఎలా పుడతాయి? 1952లో రాయల్ సొసైటీ జర్నల్‌లో దీని మీద పేపర్ రాశారు.

ఐడియా సింపుల్. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద టీ బండ్లు ఊహించుకోండి. ఒకచోట బండి పెడితే జనం ఆగుతారు, దాని పక్కనే ఇంకో రెండు వెలుస్తాయి. కానీ ఆ దగ్గర్లో మిగతాచోట్ల బేరం పడిపోతుంది. అలా కొంత దూరానికో గుంపు తయారవుతుంది. ఎవరూ ప్లాన్ గీయక్కర్లేదు. శరీరంలోనూ అంతే. ఒక రసాయనం రంగును పెంచుతుంది. రెండోది దాన్ని ఆపుతుంది, పైగా వేగంగా దూరం పాకుతుంది. ఈ రెండింటి పోటీలో మచ్చలు వాటంతటవే ఏర్పడతాయి.

20 కణాల వలయంలో ఏం జరుగుతుందో మాంచెస్టర్ యూనివర్సిటీ కంప్యూటర్ మీద లెక్క వేశారు. చేత్తో వేసిన ఇంకో లెక్కలో ఆవు ఒంటి మీద ఉండేలాంటి మచ్చలు బయటపడ్డాయి. ప్రాణం లేని అంకెల్లోంచి ప్రాణి రూపు! కానీ ఆయన గొప్పలు చెప్పుకోలేదు. ఇది అసలు జీవానికి బాగా కుదించిన నమూనా మాత్రమేనని ఆ పేపర్‌లోనే ఒప్పుకున్నారు.

ఆయనకి జరిగిన అన్యాయం

అదే ఏడాది మరో పురుషుడితో సంబంధం పెట్టుకున్నందుకు కోర్టు ఆయన్ని దోషిగా తేల్చింది. జైలుకి బదులు హార్మోన్ చికిత్సకి ఒప్పుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వ రహస్య పనులకీ దూరం పెట్టారు. 1954 జూన్ 7న సైనైడ్ విషంతో చనిపోయారు. అప్పటికి 41 ఏళ్లే. విచారణలో ఆత్మహత్య అని తేల్చారు. తల్లి మాత్రం ప్రమాదమనే నమ్మారు. పువ్వుల్లో, మొక్కల్లో అమరికల మీద ఆయన చేస్తున్న పని సగంలోనే ఆగిపోయింది.

2009లో బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పారు. 2013లో రాజ క్షమాభిక్ష వచ్చింది. 2021లో 50 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారు.

సైన్స్ కూడా ఆలస్యంగానే ఆయన దారికొచ్చింది. 1990లో ల్యాబ్‌లో రసాయనాలతో ట్యూరింగ్ మచ్చలు కనిపించాయి. 1995లో జపాన్ పరిశోధకులు ఒక చేప చారల్లో అదే తీరు చూపించారు. 2021లో పిల్లి పిండాల మీద చేసిన పరిశోధనలో, రంగు ఎక్కడ పడాలో ముందే గుర్తు పెట్టే జన్యువు బయటపడింది. అక్కడా ట్యూరింగ్ లెక్కే సరిపోయింది.

మరి ప్రోగ్రామ్ ప్రాణాన్ని పుట్టించగలదా? మచ్చల దాకా లెక్క కుదిరింది. ఇప్పుడు ఏఐ తయారుచేసిన చిరుత మన ఫోన్‌లో అచ్చం నిజమైనదానిలాగే నడుస్తుంది కూడా. కానీ శంషాబాద్ చిరుత ఆకలేసి మేక కోసం బోనులోకి వచ్చింది. ఫోన్‌లో చిరుతకి ఆకలి వేయదు.