హొగెనకల్ రాయికి పేరు పెట్టిన వెర్నర్

చుట్టాలు వస్తే హొగెనకల్ తీసుకెళ్తాం. పరిసల్ ఎక్కిస్తాం, చేపల వేపుడు తినిపిస్తాం. అక్కడి రాళ్లను మాత్రం పట్టించుకోం. ఆ ప్రాంతంలో కార్బొనటైట్ అనే అరుదైన రాయి ఉంది. దాని వయసు సుమారు 240 కోట్ల ఏళ్లు. అందులో అపటైట్ అనే ఫాస్ఫేట్ ఖనిజం దొరుకుతుంది. దానికి ఆ పేరు పెట్టిన అబ్రహామ్ గోట్లోబ్ వెర్నర్ గురించి ఈసారి చెప్పాలనుకున్నాం.

వెర్నర్ 1749 సెప్టెంబరు 25న వేరావులో పుట్టాడు. తండ్రి ఇనుప కొలిమి కర్మాగారంలో అధికారి. ఫ్రైబెర్గ్, లైప్‌జిగ్‌లలో చదివాడు. 1774లో, పాతికేళ్లయినా నిండకముందే, ఖనిజాలను రంగు, మెరుపు, గట్టిదనం, బరువు వంటి పైలక్షణాలతో గుర్తుపట్టే పద్ధతిని పుస్తకంగా రాశాడు. మరుసటి ఏడాది ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయంలో అధ్యాపకుడై, సుమారు నలభై ఏళ్లు అక్కడే పాఠం చెప్పాడు. ఆరోగ్యం అంతంతమాత్రం, రాసింది తక్కువ. అయినా ఆయన పాఠం వినడానికి దేశదేశాల నుంచి విద్యార్థులు వచ్చారు. హంబోల్ట్ ఆయన శిష్యుడే. ఖనిజాల గట్టిదనానికి పది మెట్ల కొలత ఇచ్చిన మోస్ కూడా శిష్యుడే. ఆ కొలతలో అపటైట్‌ది అయిదో మెట్టు.

అపటైట్ ఒకచోట పచ్చగా, మరోచోట నీలంగా, ఊదాగా కనిపిస్తుంది. అందుకే చాలాకాలం దాన్ని బెరిల్ అనో, టూర్మలిన్ అనో అనుకునేవారు. 1786లో వెర్నర్ దాన్ని వేరే ఖనిజంగా విడదీసి, మోసగించడం అనే అర్థమున్న గ్రీకు మాటతో పేరు పెట్టాడు. అది కాల్షియం ఫాస్ఫేట్ అని తర్వాత రసాయన పరీక్షలు తేల్చాయి. మన ఎముకల్లో, పళ్లలో ఉండేదీ ఈ జాతి ఖనిజమే. పొలానికి వేసే సూపర్ ఫాస్ఫేట్‌కు మూలమూ ఇదే.

వెర్నర్ కూడా ఒకచోట పొరబడ్డాడు. బసాల్ట్ సహా దాదాపు అన్ని రాళ్లూ సముద్రజలం నుంచే పేరుకున్నాయని నమ్మాడు. అగ్నిపర్వతాలను కళ్లారా చూసిన శిష్యులే ఆ మాటను వదిలేశారు. మన హొగెనకల్ కార్బొనటైట్ కూడా భూగర్భంలో కరిగిన శిలాద్రవం నుంచి పుట్టిందే. 1817 జూన్ 30న డ్రెస్డెన్‌లో ఆయన కన్నుమూశాడు. సిద్ధాంతం పోయినా, పెట్టిన పేరు నిలిచింది.

ఈ కథ మన సభ్యులకు చెప్పడానికి ఒక కారణముంది. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బయట తమిళంలో చదువుతాం, రాస్తాం. పైకి చూసినవారికి తేడా తెలియదు. జనగణన వారు వచ్చినప్పుడు మాతృభాష అడిగితే తెలుగు అని చెప్పండి, అలాగే రాశారో లేదో చూసుకోండి. మనం చెప్పకపోతే మనల్ని వేరే లెక్కలో రాసుకుపోతారు. అందులో వారి తప్పేమీ ఉండదు.