తీరాన పునాది వేసిన నికల్సన్

సర్ ఫ్రెడరిక్ అగస్టస్ నికల్సన్ పేరు సహకారోద్యమ చరిత్ర చదివినవారికి సుపరిచితమే. అయితే దక్షిణ భారత మత్స్య పరిశ్రమకు తొలి రూపం దిద్దినవాడు కూడా ఆయనే అన్న సంగతి తెలిసినవారు తక్కువ.

1846లో జన్మించిన నికల్సన్ 1869లో ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి మద్రాసు రాజధానికి వచ్చారు. కోయంబత్తూరు జిల్లా చరిత్రను సమగ్ర గ్రంథంగా రచించారు. వడ్డీ వ్యాపారుల చేతుల్లో చిక్కిన రైతుకు విముక్తి మార్గం వెదకమని ప్రభుత్వం కోరగా, ఐరోపా దేశాల పరపతి సంఘాలను పరిశీలించి 1895, 1897 సంవత్సరాలలో రెండు సంపుటాల నివేదిక సమర్పించారు. 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టానికి ఆ నివేదిక ఒక ముఖ్య ప్రేరణ.

అదే ఏడు ఉద్యోగ విరమణ చేసిన ఆయనకు 1905లో ప్రభుత్వం మరొక బాధ్యత అప్పగించింది. అది సముద్ర మత్స్య సంపదను గురించిన పరిశోధన. ఆయన జపాన్ వెళ్లి అక్కడి పద్ధతులు చూసి వచ్చి 1907లో నివేదిక వెలువరించారు. ఆ సంవత్సరమే మద్రాసులో మత్స్య పరిశోధన శాఖ వెలసింది. నికల్సన్ దానికి గౌరవ సంచాలకులయ్యారు.

ఆ రోజుల్లో వంగ ప్రభుత్వం గోల్డెన్ క్రౌన్ అనే ఆవిరి ట్రాలరును సముద్రంలో నడిపి చూసింది. నికల్సన్ దారి వేరు. చేప దొరకకపోవడం కాదు, దొరికిన చేప పాడైపోవడమే అసలు నష్టమని ఆయన గ్రహించారు. ఉప్పు పన్ను భారం వల్ల బెస్తలు చవుడు మన్నుతోనే చేపలు ఊరబెట్టేవారు. సుంకం లేని ఉప్పు ఇచ్చే ప్రభుత్వ యార్డులు ఉన్నా, శుభ్రత అంతంతమాత్రమే. అందుకే ఆయన ముందుగా ఒడ్డున జరిగే పనిని చక్కదిద్దదలచారు. చెన్నపట్నానికి ఉత్తరాన ఎన్నూరులో ప్రయోగశాల నెలకొల్పి, చేపను శుభ్రపరచడం, ఉప్పువేయడం, ఆరబెట్టడం వంటి పద్ధతులను పరీక్షించారు. పులికాట్‌లో ఆయన సహచరుడు జేమ్స్ హోర్నెల్ ఆల్చిప్పల పెంపకం చేపట్టారు.

పశ్చిమ తీరంలో ఫలితం మరింత స్పష్టంగా కనిపించింది. అక్కడ కవళ్లను కుళ్లబెట్టి నూనె తీసేవారు. తాజా చేపను ఉడికించి, పిండి, శుభ్రమైన నూనెను, పొలాలకు ఎరువును వేరుచేసే పద్ధతిని నికల్సన్ చూపించారు. ఖర్చు స్వల్పం కావడంతో చిన్న కార్ఖానాలు వందలుగా వెలిశాయి. బేపూరు సమీపాన చాలియంలో చేపలను డబ్బాలలో నిల్వచేసే ప్రభుత్వ కర్మాగారం కూడా నడిచింది. 1918లో హోర్నెల్ సంచాలకులయ్యారు. నికల్సన్ 1936లో కూనూరులో కన్నుమూశారు.

ఆ తరువాత పరిశ్రమ ఆయన ఊహకు అందనంతగా పెరిగింది. 1953లో కొచ్చి నుంచి ఘనీభవించిన రొయ్యలు అమెరికాకు వెళ్లడంతో కొత్త అధ్యాయం మొదలైంది. 2023-24లో భారత సముద్రోత్పత్తుల ఎగుమతి 17.81 లక్షల టన్నులు, విలువ రూ. 60 వేల కోట్లకు పైమాటే. అందులో సింహభాగం రొయ్యలదే, రొయ్యల సాగులో అగ్రస్థానం ఆంధ్రప్రదేశ్‌దే. 2009 నుంచి విదేశీ వనామి తల్లి రొయ్యలు చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటాకనే మన హేచరీలకు చేరుతున్నాయి. ఈ విధంగా చెన్నపట్నానికి, మన తీరానికి గల పాత బంధం కొనసాగుతూనే ఉంది.

నికల్సన్ ఎత్తిచూపిన రెండు లోపాలు మాత్రం నేటికీ పూర్తిగా తీరలేదు. మేత అప్పుగా ఇచ్చినవారికే పంట అమ్ముకోక తప్పని చిన్న రైతులు ఇప్పటికీ ఉన్నారు. మందుల అవశేషాలు బయటపడి విదేశాలు తిప్పిపంపిన సరుకూ ఉంది. శుభ్రత లేనిదే బజారు నిలవదు. రుణవిముక్తి లేనిదే బజారు లాభం చేప పట్టినవాడికి, రొయ్య పెంచినవాడికి చేరదు. సహకార నివేదిక రాసిన చేయి, చేపకు ఉప్పు పాళ్లు నిర్ణయించిన చేయి ఒకటే కావడంలోని అర్థం ఇదే. ఎగుమతులను ఇంకా పెంచాలని ప్రణాళికలు వేసేవారు ఆ రెంటినీ కలిపి చదువుకోవడం మేలు.