ప్రకాశం పంతుల్ని బలపరచాలా, వద్దా?

ఏ నాయకుణ్ణి బలపరచాలి, ఎంతదాకా బలపరచాలి, ఎక్కడ ఆగాలి అనే తగాదా మన సంఘాల్లో కొత్తది కాదు. ఊళ్లో రావిచెట్టు కింద మొదలైన వాదన జిల్లా సభ దాకా పోతుంది. ఒకాయన నాయకుడు చేసిన మంచి చెబుతాడు. ఇంకొకాయన అదే నాయకుడు పెట్టించిన కేసులు చెబుతాడు. ఇద్దరూ చెప్పేది నిజమే అయివుంటుంది. అయినా తెల్లారేదాకా తెగదు. ఈ వాదన మన తెలుగు నేల మీద అందరికంటే ఎక్కువగా జరిగింది టంగుటూరి ప్రకాశం పంతులు గారి గురించి. అందుకే ఈసారి ఆయన కథ చెప్పుకుందాం. పూజ చెయ్యడానికి కాదు, తిట్టిపొయ్యడానికీ కాదు. మన లెక్క మనం చూసుకోడానికి.

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు పెట్టి, నలుగురికి వండిపెట్టి పిల్లల్ని సాకింది. ఆ రోజుల్లో అది గౌరవమైన పని అని ఎవరూ అనేవారు కాదు. పొయ్యి దగ్గర ఆడమనిషి రెక్కల కష్టం మీద పెరిగిన పిల్లవాడు ప్రకాశం. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయుడు చేరదీసి, రాజమండ్రి తీసుకుపోయి చదివించాడు. నాటకాలు, అల్లరి స్నేహాలు ఎన్ని ఉన్నా చదువు ఆగలేదు. ప్లీడరయ్యారు. రాజమండ్రి మునిసిపల్ చైర్మన్ అయ్యారు. ఇంగ్లండు పోయి బారిస్టరై వచ్చి, మద్రాసు హైకోర్టులో డబ్బు బాగా గడించారు.

1921లో ఆ ప్రాక్టీసు వదిలేశారు. గాంధీ గారి పిలుపు మీద ఉద్యమంలో దిగి, స్వరాజ్య అనే పత్రిక పెట్టారు. గడించిందంతా ఆ పత్రిక తినేసింది. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్‌ను బహిష్కరిస్తూ మద్రాసులో హర్తాళ్ జరిగినప్పుడు పోలీసులు కాల్పులు జరిపారు. పడిపోయిన మనిషిని చూడబోతే తుపాకీ అడ్డం పెట్టారు. పంతులు గారు చొక్కా తెరిచి గుండె చూపించి ముందుకు నడిచారు. అప్పటినుంచి ఆంధ్రకేసరి అన్న పేరు జనం నోట నిలిచిపోయింది. ఆ ధైర్యం మీద ఎవరికీ తగాదా లేదు. తగాదా అంతా ఆ తరవాతి సంగతుల మీదే.

1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం ఏర్పడింది. ప్రకాశం గారు రెవెన్యూ మంత్రి. అప్పటికి జమీందారీ ప్రాంతాల్లో రైతు బతుకు ఎలా ఉండేదో మన పెద్దవాళ్ల నోట విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. శిస్తు దివాణం చెప్పిందే. చెరువుకు మరమ్మతు లేదు. బీడులో పశువును తోలితే పుల్లరి, అడవిలో కట్టె కొడితే జరిమానా. వెంకటగిరి, చల్లపల్లి, మునగాల, మందస ఇలా ఎక్కడికక్కడ రైతులు లేచారు. 1937–38లో రైతు సంఘం వాళ్లు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన యాత్ర చేశారు. అందులో కమ్యూనిస్టులు, సోషలిస్టులు, కాంగ్రెసు వాళ్లు కలిసే నడిచారు.

ఆ ఒత్తిడి వెనకాల ఉండగా జమీందారీ విచారణ సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు ప్రకాశం గారే. ఊళ్లు తిరిగి సాక్ష్యాలు తీసుకుని, 1938లో నివేదిక ఇచ్చారు. అందులో సారం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. భూమికి హక్కుదారు దున్నే రైతే గాని జమీందారు కాదు, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే. శిస్తును 1802లో శాశ్వత సెటిల్మెంటు వచ్చేనాటి రేట్లకు దించాలి. నూటముప్పై ఏళ్లకు పైగా పెరుగుతూ వచ్చిన శిస్తును ఒక్క దెబ్బతో వెనక్కి కొట్టే మాట అది. జమీందార్లకు నిద్ర పట్టలేదు. 1939 జనవరిలో శాసనసభ ఆ సిఫార్సులను ఆమోదించింది గాని, చట్టం కాకముందే యుద్ధం వచ్చింది. ఆ అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. నివేదిక అటకెక్కింది.

ఆ రోజుల్లో ప్రకాశం గారిని బలపరచడం తప్పని ఏ రైతు కార్యకర్తా అనలేదు. అనాల్సిన పనీ లేదు. కాని ఒక్క సంగతి మనం గమనించాలి. ఆ నివేదికలో రైతు ఉన్నాడు. అతని పొలంలో నాగలి పట్టిన పాలేరు, నాట్లు వేసిన ఆడకూలి ఆ విచారణకు ముఖ్యం కాలేదు. జమీందారు పోతే భూమి ఎవరిది అన్న ప్రశ్నకు పంతులు గారు జవాబు చెప్పారు. భూమి లేనివాడి సంగతేమిటి అన్న ప్రశ్న మిగిలిపోయింది. అది ఒక్క ఆయన లోపమే కాదు. ఆనాటి రైతు ఉద్యమంలో చాలా భాగానికి ఆ లోపం ఉంది.

యుద్ధకాలంలో పంతులు గారు మళ్లీ జైలుకు పోయారు. 1942లో అరెస్టయి 1945లో విడుదలయ్యారు. 1946 ఏప్రిల్‌లో, పై నాయకులకు ఇష్టం లేకపోయినా, ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. అప్పుడు ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు. ఫిర్కా అభివృద్ధి పథకం పెట్టారు. కొత్త బట్టల మిల్లులు వద్దు, ఖద్దరు చాలు అన్నారు. ఊళ్లు బాగుపడాలన్న తపన ఆయనకుంది. అయితే ఆ పదకొండు నెలల్లోనే రెండో ముఖం కూడా బయటపడింది. 1946 సెప్టెంబరులో తిరుచిరాపల్లి దగ్గర గోల్డెన్ రాక్‌లో సమ్మె చేస్తున్న రైల్వే కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. 1947 జనవరిలో శాంతిభద్రతల పేర ఆర్డినెన్సు తెచ్చి, విచారణ లేకుండా కమ్యూనిస్టుల్ని, రైతు, కార్మిక సంఘాల కార్యకర్తల్ని జైళ్లలో పెట్టారు. తెల్లవాడి తుపాకీకి గుండె చూపిన మనిషి ప్రభుత్వమే సమ్మె చేసిన కార్మికుడి మీదికి తుపాకీని పంపింది. ఇది మేము మరుగుపరచం.

ఆ మార్చిలో సొంత పార్టీ వాళ్లే ఆయన్ను దింపేశారు. జమీందారీ రద్దు చట్టం ఆయన పోయాక 1948లో వచ్చింది. జమీందార్లకు నష్టపరిహారం ముట్టింది. రైతులకు పట్టాలు వచ్చాయి. కూలీకి ఏమొచ్చింది అంటే, యజమాని మారాడు.

ఇక అసలు తగాదా 1952లో వచ్చింది. పంతులు గారు కాంగ్రెసు వదిలి, 1951లో కృపలానీ గారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరారు. మొదటి సార్వత్రిక ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో 375 సీట్లుంటే కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చాయి. ఆంధ్ర ప్రాంతంలోని 140 సీట్లలో కమ్యూనిస్టులు 41 గెలిచారు. అనంతపురంలో నీలం సంజీవరెడ్డి గారు తరిమెల నాగిరెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు లాంటి మంత్రులూ ఓడారు. కాంగ్రెసేతర పక్షాలు ఐక్య ప్రజాతంత్ర కూటమి కట్టాయి. దానికి నాయకుడుగా ఎన్నుకున్నది ఎవర్ని? ప్రకాశం పంతులు గారినే. ఎన్నుకున్నవాళ్లలో ముఖ్యులెవరు? ఆయన ఆర్డినెన్సు కింద జైళ్లకు పోయిన కమ్యూనిస్టులే.

ఒక కార్యకర్త స్థానంలో నిలబడి చూడండి. ఐదేళ్ల కిందట మనల్ని కటకటాల వెనక పెట్టిన మనిషిని ముఖ్యమంత్రిని చేద్దామని పార్టీ చెబితే గొంతు దిగుతుందా? దిగదు. అయినా ఆ నిర్ణయం తప్పని మేము అనుకోవడం లేదు. 1948 నుంచి 1951 దాకా కాంగ్రెసు ప్రభుత్వం సాగించిన నిర్బంధం కళ్లముందు ఉంది. ఓట్లేసిన జనం కాంగ్రెసును వద్దన్నారు. ఆ తీర్పును నిలబెట్టడానికి ఒక పేరు కావాలి, ఆ పేరు పంతులు గారిది. పగ తీర్చుకోడం కంటే జనం తీర్పు పెద్దది. కాని గవర్నరు ఆ కూటమిని పిలవలేదు. ఎన్నికల్లో నిలబడని రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి గద్దె మీద కూచోబెట్టారు. అక్కడ పంతులు గారికి జరిగింది అన్యాయమే, ఓటరుకు జరిగింది ఇంకా పెద్ద అన్యాయం.

ఏడాదిన్నర తిరక్కముందే కథ మళ్లీ తిరగబడింది. పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణ తరవాత 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. దాని మొదటి ముఖ్యమంత్రి ప్రకాశం గారు. ఈసారి ఆయన వెనకున్నది కాంగ్రెసు. తాను ఉన్న ప్రజా సోషలిస్టు పార్టీని వదిలి కాంగ్రెసు మద్దతుతో గద్దె ఎక్కారు. నిన్న నాయకుడని మోసినవాళ్లు ఇవాళ ప్రతిపక్షంలో కూచున్నారు. ఊళ్లల్లో మన కార్యకర్తలు జనానికి ఏం చెప్పాలో తోచక తల పట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు. ఎందుకు మోశాం అని ఒకడు, ఎందుకు వదిలేశాం అని ఇంకొకడు.

ఆ ప్రభుత్వం పదమూడు నెలలు నడిచింది. కృష్ణ మీద పాత ఆనకట్ట 1952లో తెగిపోయి డెల్టా గుండెలు బాదుకుంటుంటే, 1954లో కొత్త బారేజీ పని మొదలైంది. 1957లో పూర్తయిన ఆ బారేజీకే ఆయన పేరు పెట్టారు. తిరుపతిలో విశ్వవిద్యాలయం వచ్చింది. డెల్టాలో నీరు పారితేనే కూలీకి నాట్లు, కోతలు. కనుక ఆ మంచిని కాదనకూడదు. ఇంకోపక్క మద్యనిషేధం కింద గీత కార్మికుల మీద కేసులు, అరెస్టులు సాగాయి. గౌతు లచ్చన్న గారు గీత కార్మికుల పక్షాన ఆందోళన నడిపారు. ప్రభుత్వమే వేసిన రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తెయ్యమన్నా పంతులు గారు పట్టు విడవలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. కమ్యూనిస్టులు దాన్ని బలపరిచారు. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడింది.

పడగొట్టినవాళ్లకు ఒరిగిందేమిటి? 1955 ఎన్నికల్లో కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక్కటై వచ్చాయి. కమ్యూనిస్టులకు ఓట్లు 31 శాతం దాకా పెరిగాయి, సీట్లు మాత్రం 196లో 15కి పడిపోయాయి. ఓట్లు తగ్గి ఓడలేదు, అవతలివాళ్లంతా కలవడం వల్ల ఓడారు. గీత కార్మికుడి పక్షాన నిలబడడం తప్పు కాదు. కాని ప్రభుత్వాన్ని పడగొట్టిన మర్నాడు ఎవరు ఎవరితో చేతులు కలుపుతారు, మన వెంట ఎవరు ఉంటారు అన్న లెక్క కూడా వేసుకోవాలి. ఆ లెక్క తప్పింది.

ఈ కథలో పంతులు గారు మనవాడా, కాడా అని అడిగితే మా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. 1938లో ఆయన మనవాడు. 1947 జనవరిలో కాదు. 1952లో జనం తీర్పుకు ఆయన జెండా కర్ర. 1953లో ఆ కర్ర వేరే జెండా మోసింది. మనిషి మొండివాడు, నిజాయితీపరుడు, డబ్బు మిగుల్చుకోనివాడు. అయినా మనిషి మంచితనం మీద సంఘం భవిష్యత్తును తాకట్టు పెట్టకూడదు. నాయకుణ్ణి ఒక పని కోసం బలపరచాలి. ఆ పని పేరు సంఘం సభ్యులందరికీ తెలిసుండాలి. శిస్తు తగ్గింపా, కూలి రేటా, బంజరు పట్టాలా? పని జరిగినంత కాలం వెంట నడవాలి, ఆగిన రోజున నిలదియ్యాలి. నిలదియ్యడానికి మన సంఘం మన చేతుల్లోనే ఉండాలి. 1937లో కాలినడకన మద్రాసు పోయిన రైతుల వల్లనే ఆ నివేదికకు బలం వచ్చింది. 1952లో కూటమి నాయకుడు దొరికాడు గాని, ఆయన దాటిపోతే ఆపగల బలం దొరకలేదు. తేడా అక్కడుంది.

ఇంకొక మాట. బలపరచాలన్నవాణ్ణి అమ్ముడుపోయాడని, వద్దన్నవాణ్ణి మొండివాడని అనుకున్న చోటల్లా సంఘం చీలింది. చీలిన ఊళ్లో కోతల కాలం వస్తే ఆసామి రెండు ముఠాలనూ పిలిచి, తక్కువ రేటుకు ఒప్పుకున్నవాళ్లకే చేను అప్పజెబుతాడు. నాయకుడి మీద తగాదాకి మనం కట్టే జరిమానా అది, మన కూలిలోంచే పోతుంది.

పంతులు గారు చివరిదాకా ఇంట్లో కూచోలేదు. 1957 వేసవిలో, ఎనభై నాలుగేళ్ల వయసులో, ఒంగోలు దగ్గర ఒక హరిజనవాడకు పోయి వడదెబ్బ తిన్నారు. హైదరాబాదు ఆసుపత్రిలో మే 20న కన్ను మూశారు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఆయన నివేదికలో చోటు దొరకని కూలీల గడపకే ఆయన ఆఖరి ప్రయాణాల్లో ఒకటి సాగింది. ఎండలో అంత దూరం పోయిన ముసలాయనకు మేము దండం పెడతాం. ఆ వాడలో ఉన్నవాళ్లకు భూమి ఏదన్న ప్రశ్నను మాత్రం ఆయన పటానికి దండ వేసి మూసెయ్యం. ఆయన జిల్లాలోనే కాదు, ప్రతి జిల్లాలో ఆ ప్రశ్న అడగాల్సింది మనమే.