చెట్ల కింద నేర్పిన వైద్యం – డాక్టర్ ఐడా స్కడ్డర్

వేలూరు ఆసుపత్రి పేరు ఎరుగని తెలుగు కుటుంబం మన సంఘాలలో అరుదు. దానిని స్థాపించిన ఐడా స్కడ్డర్ గారు గొప్ప వైద్యురాలని అందరూ అంటారు. ఆమె అంతకంటె గొప్ప ఉపాధ్యాయురాలని నా అభిప్రాయం.

ఆమె 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. తాతగారు, తండ్రిగారు ఇద్దరూ మిషనరీ వైద్యులే. అయినా ఈ దేశంలో ఉండిపోవాలని ఆమెకు మొదట లేదు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మనుష్యులు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆమెను బతిమాలుకున్నారు. మగ వైద్యుడని ఆమె తండ్రిగారిని వారు ఒప్పుకోలేదు. ఆమెకేమో వైద్యం రాదు. ఆ స్త్రీలు ముగ్గురూ మరణించారు. ఆమె అమెరికా వెళ్లి, ఫిలడెల్ఫియాలో చదువు మొదలుపెట్టి, 1899లో కార్నెల్‌లో పట్టా పుచ్చుకొని, 1900లో తిరిగి వచ్చారు.

1918లో వేలూరులో స్త్రీల వైద్య పాఠశాల తెరిచారు. ఆడపిల్లలు నెగ్గలేరని అధికారులు అనుమానించారు. మొదటి పరీక్షకు కూర్చున్న 14 మందీ ఉత్తీర్ణులయ్యారు. అయితే మార్కులు ఒక ఎత్తు, ఆమె నేర్పిన తీరు ఒక ఎత్తు. మందులు వేసుకొని గుడియాత్తం రోడ్డున వెళ్లి, చెట్ల కింద కాచుకున్న పల్లెవారిని చూసేవారు. విద్యార్థినులను వెంట తీసుకుపోయేవారు. అక్కడ పుండ్లు కడగాలి, కుష్ఠు రోగిని తాకాలి. పెద్ద డాక్టరమ్మే ముందుగా ఆ పని చేస్తుంటే పిల్లలకు వేరే ఉపన్యాసం ఎందుకు?

ఇది చిన్న సంగతి కాదు. ఆమె మొదట చదివిన ఫిలడెల్ఫియా నగరంలోనే జెఫర్సన్ వైద్య కళాశాల పరిశోధకులు 2009లో ఒక విషయం ప్రకటించారు. రోగుల మధ్యకు అడుగుపెట్టే మూడవ సంవత్సరంలోనే విద్యార్థులలో సానుభూతి తగ్గుతున్నదట! దయగల పిల్లలే చేరుతారు. పని ఒత్తిడి, విసుక్కునే పెద్దలు, అనుసరించదగిన గురువు లేకపోవడం వారిని బండబారుస్తాయి.

పట్టా స్థాయి కళాశాల కావాలని ప్రభుత్వం పట్టుబట్టినప్పుడు ఆమె వయస్సు డెబ్బైకి దగ్గర. మరల అమెరికా వెళ్లి విరాళాలు పోగుచేశారు. 1947లో పురుషులనూ చేర్చుకున్నారు. ఆమె 1960 మే నెలలో కొడైకెనాల్‌లో కన్నుమూశారు. వేలూరులో మొదటి సంవత్సరం వైద్య విద్యార్థులను నేటికీ కొన్నాళ్లు పల్లెకు పంపుతారు.